నూ భాష నేర్చుకునేవారికి జీతమివ్వండి: దక్షిణాఫ్రికా భాషా బోర్డుకు బహిరంగ లేఖ

పాన్ సౌత్ ఆఫ్రికన్ లాంగ్వేజ్ బోర్డు అధ్యక్షులకూ సభ్యులకూ,

నమస్కారం.

ఈ లేఖను తెలుగులో ఎందుకు రాస్తున్నానో ముందుగా చెప్పుకోవాలి. మీ దేశ రాజ్యాంగం ఆరవ అధికరణంలో, మీ బోర్డు ఏయే భాషల మంచిచెడ్డలు చూడాలో చెప్పేచోట, జర్మన్, గ్రీకు, గుజరాతీ, హిందీ, పోర్చుగీసు, తమిళం, ఉర్దూలతో పాటు మా భాష పేరు కూడా ఉంది. అక్కడ అది 'టెలెగు' అని అచ్చయింది గానీ, ఆ ముచ్చట తర్వాత. 1860 నుంచి 1911 దాకా నాటాల్ చెరకు తోటలకు ఓడలెక్కి వెళ్లిన లక్షన్నర మంది పైచిలుకు కూలీల్లో మా విశాఖ, గంజాం జిల్లాల వాళ్లు కూడా ఉండబట్టి ఆ పేరు మీ రాజ్యాంగం దాకా ప్రయాణం చేసింది. ఆ చనువుతోనే ఈ అర్జీని నా భాషలో పెట్టుకుంటున్నాను.

అర్జీ మాత్రం తెలుగు కోసం కాదు. అదే అధికరణంలో మా పేరున్న ఖండానికి పై ఖండంలో 'ఖోయ్, నామా, శాన్ భాషలు' అన్న మాట ఉంది. రెండు ఖండాల్లో వాడిన క్రియలు వేరని మీకు నేను చెప్పనక్కరలేదు. మా తెలుగు వంటి వలస భాషలను ప్రోత్సహించి, వాటికి గౌరవం దక్కేలా చూస్తే మీ బాధ్యత తీరుతుంది. మీ నేల ఆదివాసులైన శాన్ ప్రజల భాషల విషయంలో అలా కాదు. వాటి అభివృద్ధికీ, వాడుకకూ తగిన పరిస్థితులను మీ బోర్డే కల్పించాలని, అధికార భాషలతో సమానంగా వాటిని నిలబెట్టి, రాజ్యాంగం ఆదేశించింది. ఆ శాన్ భాషల్లో ఒకటైన నూ భాష ఈనాడు ఉత్తర కేప్ రాష్ట్రంలోని అపింగ్టన్ ఊళ్లో, రోజ్‌డేల్ పేటలో, తొంభై ఏళ్లు దాటిన ఒక్క అవ్వ నోట మాత్రమే ధారాళంగా పలుకుతోంది. 'వాడుకకు తగిన పరిస్థితులు' అన్న మాటకు ఆ ఒక్క ఇంటి గడప దగ్గర అర్థమేమిటో మీతో మాట్లాడాలని నా ప్రయత్నం.

నేను 'నూ' అని రాస్తున్నది ఆ భాష పేరులో సగమే. నకారంతో కలిసి, నాలుక కొసను పైపళ్ల వెనక ఆనించి చటుక్కున లాగితే వచ్చే చప్పుడొకటి అందులో ఉంది. దానికి మా లిపిలో అక్షరం లేదు. చప్పుడు మాత్రం మాకు కొత్త కాదు. అనుకున్న పని చెడినప్పుడు, ఎవరి కష్టమో చెవినబడినప్పుడు తెలుగువాళ్లం నాలుకతో చేసే చప్పుడు అలాంటిదే. ఇలాంటి చప్పుళ్లను క్లిక్కులంటారు. మా కథల్లో దాన్ని 'ప్చ్' అని అచ్చు వేస్తారు, చదివేవాడు తన నోటి చప్పుడుతో దాన్ని పూరించుకుంటాడు. ఎడ్లను అదిలించడానికి బుగ్గ పక్కనుంచి చేసే చప్పుడు ఇంకో క్లిక్కు. చంటిబిడ్డను పిలవడానికి పెదవులు ముడిచి విడిచే ముద్దు చప్పుడు మరొకటి. మాకు ఇవన్నీ మాటల వెలుపల ఉండిపోయిన చప్పుళ్లు, నూ భాషలో ఇవే హల్లులు. వందకు పైగా ఉన్న ఆ భాష ధ్వనుల్లో 45 క్లిక్కులేనని దాన్ని పరిశీలించినవారు లెక్క తేల్చారు. పెదవులతో పలికే ముద్దు క్లిక్కు హల్లుగా ఉన్న భాషలు నేడు భూమ్మీద మూడే ఉన్నాయనీ, మూడూ కలహారి ప్రాంతానివేననీ కూడా వాళ్లే చెబుతారు. తూ కుటుంబంలో ఊయ్ శాఖకు మిగిలిన చివరి భాష ఇది కాబట్టి, ఇది పోతే ఒక భాషతో పాటు ఒక శాఖ మొత్తం పోతుంది.

ఆ అవ్వ పేరు కత్రీనా ఏసౌ. ఆఫ్రికాన్స్ భాషలో అవ్వను 'ఔమా' అంటారు గనుక ఊళ్లోవాళ్లకు ఆమె ఔమా గీల్‌మెయిడ్. 'గీల్' అంటే పసుపు, 'మెయిడ్' అంటే పనిపిల్ల. పొలం యజమానులు పనివాళ్లను పిలిచే తీరును బట్టి పడిన పేరు అది. తెలిసినవాళ్లందరూ ప్రేమగానే పిలుస్తారని విన్నాను. అయినా ఒక భాషను ఒంటరిగా మోస్తున్న మనిషిని లోకం పనిపిల్ల అన్న పేరుతో గుర్తుపెట్టుకోవడం నాకు మింగుడుపడదు కాబట్టి ఈ లేఖలో ఆమెను కత్రీనా అవ్వ అనే అంటాను. ఆమె 1933లో తెల్లవారి పొలంలో పనిచేసే కుటుంబంలో పుట్టారు. తల్లి మాట్లాడగా విని నూ నేర్చుకున్నారు. వయసొచ్చేసరికి, ఆ భాష వికారంగా ఉందనీ, తమ ఎదుట మాట్లాడకూడదనీ యజమానులు అనేవారట. అలా అనిపించుకుని సిగ్గుపడి, పడుచుపిల్లలు ఒకరి తర్వాత ఒకరు నోరు మూసుకుని, ఆఫ్రికాన్స్‌లోకి మారిపోయారు. ఆ సంగతి ఆమె ఎన్నోసార్లు విలేకరులకు చెప్పారు. వర్ణవివక్ష చట్టాలు వచ్చాక ఈ ప్రజలను 'కలర్డ్' అన్న గంపగుత్త వర్గంలో చేర్చేసరికి, కాగితం మీద కూడా శాన్‌లు లేకుండా పోయారు.

ఈ నోరు మూయించడం వెనుక భూమి కథ ఉందని మీకు తెలుసు, మా పాఠకులకు తెలియకపోవచ్చు. 1931లో కలహారి గెమ్స్‌బాక్ జాతీయ పార్కును ప్రకటించాక, నూ మాట్లాడే ఖోమానీ శాన్‌లు తరతరాలుగా వేటాడి, దుంపలు తవ్వుకుని బతికిన ఇసుక దిబ్బల నుంచి క్రమంగా బయటికి నెట్టబడ్డారు. (మీ దేశంలోని తెలుగువాళ్లు తమ భాషను కాపాడుకోవడానికి ఆంధ్ర మహాసభ పెట్టుకున్నది కూడా ఆ ఏడే. ఒకే దేశంలో, ఒకే ఏడాది, ఒక భాషకు సంఘం పుట్టింది, ఇంకో భాషకు కాళ్ల కింద నేల పోయింది.) 1936లో జొహానెస్‌బర్గ్ సామ్రాజ్య ప్రదర్శనలో వీళ్లలో కొందరిని జనం చూడడానికి నిలబెట్టారు. విశ్వవిద్యాలయాల వాళ్లు వచ్చి వాళ్ల మాటలను రాసుకున్నారు, కొలతలు తీసుకున్నారు. ప్రదర్శన ముగిశాక మాత్రం వాళ్లకు తిరిగి వెళ్లడానికి సొంత చోటు మిగల్లేదు. తలా ఒక పొలంలో, తలా ఒక పేటలో కూలికి చేరి, మాట్లాడుకోవడానికి తమవాళ్లు పక్కన లేక, ఒక్కొక్కరుగా మౌనంలోకి జారుకున్నారు. 1970ల నాటికి పండితులు ఆ భాష అంతరించిందని రాసేశారు.

అంతరించలేదని 1997లో తేలింది. ఖోమానీలు భూమి కోసం దావా వేసిన రోజుల్లో, తొంభై దాటిన ఎల్సీ వాల్‌బోయ్ అనే అవ్వ తనకు ఆ భాష వచ్చునని చెప్పారు. ఆమె మాటలను రికార్డు చేసి భాషాశాస్త్రవేత్త ఆంటొనీ ట్రెయిల్‌కు వినిపిస్తే ఆయన అది నిజమేనని ధ్రువీకరించారు. ఆ తర్వాత నైజెల్ క్రాహాల్, దక్షిణాఫ్రికా శాన్ సంస్థ వాళ్లు ఊరూరా తిరిగి వెతికితే ఇరవై మందికి పైగా వృద్ధులు బయటపడ్డారు. తనకొక్కరికే ఈ భాష మిగిలిందని ఎవరికి వారు అనుకుంటూ దశాబ్దాలు గడిపినవాళ్లు వాళ్లలో ఉన్నారు. వాళ్ల జ్ఞాపకాల్లోని ఊటల పేర్లు, దిబ్బల పేర్లు భూమి దావాకు సాక్ష్యాలయ్యాయి. 1999 మార్చి 21న అప్పటి ఉపాధ్యక్షులు తాబో ఎంబెకీ చేతుల మీదుగా భూమిని తిరిగి ఇచ్చే ఒప్పందం జరిగింది. 2017లో యునెస్కో ఆ నేలను ఖోమానీ సాంస్కృతిక భూభాగంగా ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. భాష భూమిని తెచ్చిపెట్టింది. అయ్యా, ఇరవై మందికి పైగా ఉన్న వృద్ధుల దగ్గర మొదలై ఒక్కరి దగ్గరికి లెక్క దిగివచ్చిన ఆ పాతికేళ్లలో, భూమి భాషకు తిరిగి ఏమిచ్చింది?

ఏమీ జరగలేదని అనడం అన్యాయం. జరిగిన మంచి పనులన్నీ దాదాపు వ్యక్తులు చేసినవే. కత్రీనా అవ్వ, చదవడం రాయడం రాకపోయినా, పేటలోని పిల్లలను తన ఇంటి దగ్గరే కూర్చోబెట్టుకుని పలకరింపులు, ఒంటి భాగాలు, జంతువుల పేర్లు, పాటలు నేర్పడం మొదలుపెట్టి ఏళ్ల తరబడి ఆ బడి నడిపారు. మనవరాలు క్లాడియా ఆమె దగ్గర నేర్చుకుని పిల్లలకు చెప్పే పంతులమ్మ అయ్యారు. కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం నుంచి షీనా షా, మథియాస్ బ్రెంజింగర్ వచ్చి, సముదాయంతో కలిసి భాషకు లిపిని స్థిరపరచి, 2016లో నూ, ఆఫ్రికాన్స్, ఇంగ్లీషు మూడు భాషల్లో వాచకం తెచ్చారు. తాబేలూ నిప్పుకోడీ కథను అవ్వా మనవరాలూ కలిసి 2021లో బొమ్మల పుస్తకంగా తెచ్చారు. ప్రభుత్వం 2014లో అవ్వకు ఆర్డర్ ఆఫ్ ది బావొబాబ్ అనే జాతీయ పురస్కారం ఇచ్చింది, 2023లో కేప్‌టౌన్ విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఇన్ని జరిగిన ఊళ్లోనే కొవిడ్ లాక్‌డౌన్ నాళ్లలో ఆ బడి చోటు ధ్వంసమై పాడుబడిపోయిందని వార్త చదివాను. పతకానికి ఒక అద్దాల పెట్టె ఎక్కడో ఉండే ఉంటుంది, బడికి తలుపు లేకపోయింది.

ఇక్కడ నా సంగతి కొంత చెప్పుకోవాలి, లేకపోతే దూరాన కూర్చుని తప్పులెన్నుతున్నానని మీరు అనుకోవచ్చు. నేను శ్రీకాకుళం వైపు మన్యంలో, సవర గూడేల నడుమ, ఇరవై ఏళ్లకు పైగా బడిపంతులుగా పనిచేసి రిటైరయ్యాను. ఉద్యోగంలో చేరిన తొలి ఏడాది, వేసవి ముందర, ఒకటో తరగతిలో ఒక సవర పాప గుప్పిట్లో కాల్చిన పనసపిక్కలు పట్టుకుని నా బల్ల దగ్గరికి వచ్చి, ఒక పిక్క నా ముందు పెట్టి, తన భాషలో దాని పేరు చెప్పింది. నేను నవ్వుతూనే, "తెలుగులో చెప్పమ్మా" అన్నాను. పాప గుప్పిట మూసుకుంది. ఆ పిక్కను కూడా తిరిగి తీసుకుని తన చోట కూర్చుంది. ఆ తర్వాత వేసవి సెలవులిచ్చేదాకా బడిలో ఆ పిల్ల గొంతు నేను వినలేదు. నేను బెత్తం పట్టలేదు, వికారమైన భాష అనలేదు, మర్యాదగానే అడిగాను. కలహారి పొలం యజమాని తిట్టి చేసిన పనిని నేను నవ్వుతూ చేశానని తెలుసుకోవడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది. మీ దగ్గర ఆఫ్రికాన్స్ ఏ పాత్ర పోషించిందో, మా మన్యంలో ఆ పాత్ర తెలుగుది.

అందువల్లే నాకొక విషయం అనుభవం మీద తెలుసు. 2004 ప్రాంతంలో మా ఉమ్మడి రాష్ట్రంలో సవర, కువి, కొండ, కోయ, గోండి, కోలామి, బంజారా, ఆదివాసీ ఒరియా అనే ఎనిమిది భాషల్లో గిరిజన పిల్లలకు వాచకాలు తయారు చేయించారు. మంచి పుస్తకాలు. మా బడికీ వచ్చాయి. సవర మాట్లాడే కుర్రవాడిని ఒకరిని ఆ గూడెం నుంచే వాలంటీరుగా పెట్టారు. ఆ కుర్రవాడు పాఠం చెప్పిన రోజుల్లో పిల్లలు కిటికీల దాకా వినబడేలా మాట్లాడేవాళ్లు. అతనికి రావలసిన భత్యం మూడు నెలలకోసారి, ఆరు నెలలకోసారి వచ్చి, ఆ తర్వాత రావడం మానేసింది. పెళ్లయి, బిడ్డ పుట్టాక అతను విశాఖకు తాపీ పనికి వెళ్లిపోయాడు. పుస్తకాలు బీరువాలో ఉండిపోయాయి. వాటికి చెదలు పట్టకుండా ప్రతి ఏడూ వేపాకు వేసి కాపాడినవాణ్ని నేనే. పుస్తకం కరువై భాష నోరు మూసుకోవడం నేను చూడలేదు. భాష వచ్చిన మనిషికి ఆ భాష కూడు పెట్టకపోతే ఏమవుతుందో మాత్రం కళ్లారా చూశాను.

మాకు ఈ విషయం తెలియక కాదు, ముందే చేసి చూపినవాడు మాకున్నాడు. వాడుక భాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో పనిచేస్తూ, ఒక సవర మనిషిని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. సవర పిల్లలకు వాళ్ల భాషలోనే చదువు చెప్పే బడులు తెరిచి, సొంత డబ్బుతో పంతుళ్లకు జీతాలిచ్చారు. మద్రాసు ప్రభుత్వం మెచ్చి పారితోషికం ఇవ్వబోతే, ఆ డబ్బుతో బడి పెట్టి నడపండని కోరారు. ఆయన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది. తెలుగువాళ్లం ఏటా ఆగస్టు 29న ఆయన పేరున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ, ఆ జీతాల సంగతి మాత్రం వేదికల మీద ఎక్కడా ఎత్తం.

ఇప్పుడు అర్జీ. కత్రీనా అవ్వకు ఇంకో పతకం, ఇంకో శాలువా అడగడం లేదు. ఖోమానీ సముదాయం నుంచి, వాళ్లే ఎంచుకున్న ముగ్గురు నలుగురు యువతీయువకులకు, నూ భాష నేర్చుకోవడమే ఉద్యోగంగా, కనీసం ఐదేళ్లు, నెలనెలా జీతమివ్వండి. క్లాడియా వంటి, ఇప్పటికే బోధిస్తున్నవారిని మొదట ఆ జీతం పట్టీలో చేర్చండి. చిన్నపిల్లలకు వారానికి ఒకట్రెండు గంటలు పాటలు నేర్పడం అందమైన పనే గానీ, ఆ పిల్లలు ఇంటికి వెళ్లి ఎవరితో మాట్లాడతారు? ఇంట్లో అమ్మకు రాదు, నాన్నకు రాదు. ముందు పెద్దవాళ్లకు రావాలి. కాలిఫోర్నియాలో ఆదివాసీ భాషల కోసం 1990లలో మొదలైన గురుశిష్య పద్ధతి ఇదే. భాష వచ్చిన పెద్దవాళ్లతో నేర్చుకునే మనిషి వారానికి పది ఇరవై గంటలు గడపాలి, ఆ సమయమంతా ఇంగ్లీషు నోట రాకూడదు. పాఠం ఉండదు. టీ కాయడం, బట్టలారేయడం, నడిచి అంగడికి వెళ్లిరావడం, పక్కింటివాళ్ల మీద చాడీలు చెప్పుకోవడం, అన్నీ ఆ భాషలోనే జరగాలి. (చాడీలు రాని మనిషికి భాష వచ్చిందని నేనొప్పుకోను.) అంతంత సేపు కూర్చోవాలంటే పొలం పనికో దుకాణం పనికో వెళ్లకుండా ఉండగలగాలి, అందుకే జీతం.

తొంభై దాటిన మనిషి ఎన్ని గంటలు మాట్లాడగలరు అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. రోజుకు ఒక గంట ఆమె ఓపిక ఉన్నంతసేపు, మిగతా సమయం రికార్డులతో. ఆ రికార్డులు లేవా అంటే బోలెడు ఉన్నాయి. 1997 తర్వాత కనబడిన వృద్ధులందరి గొంతులూ గంటల తరబడి రికార్డయ్యాయి. అంతకుముందటి పండితుల రాతపుస్తకాలూ ఉన్నాయి. అవి కేప్‌టౌన్‌లో ఉన్నాయి, ఐరోపా విశ్వవిద్యాలయాల భాండాగారాల్లో ఉన్నాయి. పాస్‌వర్డుల వెనుక, ఇంగ్లీషు శీర్షికల కింద, పరిశోధకులకు అనువైన వరుసలో ఉన్నాయి. చచ్చిపోయిన తన నాయనమ్మ గొంతు వినాలనుకున్న మనవడు అపింగ్టన్ నుంచి ఎక్కడికి వెళ్లాలి? ఆ రికార్డులన్నిటి ప్రతులనూ రప్పించి, రోజ్‌డేల్‌లోనో, ఖోమానీలు ఉండే ఆండ్రీస్‌వేల్‌లోనో ఒక గదిలో, ఇంటర్నెట్ ఖర్చు లేకుండా వినగలిగే ఏర్పాటు చేయడం మీ బోర్డు ఒక ఉత్తరంతో మొదలుపెట్టగల పని. ఎవరి గొంతును ఎవరు వినవచ్చో, ఏది బయటికి పోకూడదో తేల్చే అధికారం మాత్రం వాళ్ల కుటుంబాలకే ఉండాలి.

రేడియో గురించి కూడా ఒక మాట. మీ ఉత్తర కేప్‌లోనే, కింబర్లీ పక్కన ప్లాట్‌ఫాంటెయిన్‌లో, అంగోలా, నమీబియాల నుంచి 1990లో తరలివచ్చిన శాన్ కుటుంబాల కోసం ఎక్స్‌కే ఎఫ్‌ఎం కుంగ్, ఖ్వే భాషల్లో ప్రసారాలు చేస్తోంది. అంటే శాన్ భాష మైకు ముందుకు రాలేనిది కాదని మీ ప్రభుత్వ రేడియోనే రుజువు చేసింది. రోజుకు ఐదు నిమిషాలు, నేర్చుకుంటున్న ఆ ముగ్గురు నలుగురిలో ఒకరు వాతావరణం చదవనివ్వండి, తప్పులతోనే చదవనివ్వండి. తాబేలు కథలో ఎన్నడూ రాని మాటలు, కరెంటు బిల్లు, సెల్‌ఫోన్, ఆసుపత్రి చీటీ, అప్పుడే భాషలోకి వస్తాయి. 'వికారమైన' భాష గాలిలో పోతుంటే విన్న పేటవాళ్ల ముఖాలు ఎలా మారతాయో నాకు తెలుసు. మా గూడెంలో ఆ వాలంటీరు కుర్రవాడు మొదటిసారి బడి మైకులో సవర పాట పాడినప్పుడు, గుమ్మం దాటి ఏనాడూ లోపలికి రాని ముసలివాళ్లు వచ్చి ముందు వరసలో కూర్చున్నారు.

ఒక భాష కోసం ఇంత ఖర్చేమిటని మీ ఆర్థిక శాఖ అడుగుతుంది. మీ దగ్గర పన్నెండు అధికార భాషలున్నాయి, పన్నెండోదైన సంజ్ఞా భాషను 2023లోనే చేర్చుకున్నారు, అన్నిటికీ నిధులు చాలవు, నిజమే. నూకు అధికార హోదా అక్కరలేదు, పార్లమెంటులో అనువాదకులు అక్కరలేదు. నలుగురి జీతం, ఒక గది, ఒక తలుపు, ఒక తాళం చాలు. ఐక్యరాజ్య సమితి 2022 నుంచి 2032 వరకు ఆదివాసీ భాషల దశాబ్దమని ప్రకటించింది గనుక ఈ దశాబ్దంలో మీ బోర్డు సదస్సులు జరుపుతూనే ఉంటుంది. ఒక్క సదస్సును మానుకుని ఆ బడ్జెటుతో ఎన్ని నెలల జీతాలు వస్తాయో ఒకసారి లెక్క వేయించండి.

ఇంకో సంగతి గుర్తుచేయడం మొరటుతనం కాదనుకుంటాను. 2000 ఏప్రిల్ 27న మీరు కొత్త రాజచిహ్నం తెచ్చుకున్నప్పుడు దాని అడుగున రాసుకున్న నినాదం ఖామ్ భాషలోది. భిన్నమైన ప్రజలారా ఏకం కండి అని దాని అర్థం. ఆ భాష మాట్లాడేవాళ్లు ఎవరూ మిగల్లేదు. విల్‌హెల్మ్ బ్లీక్, లూసీ లాయిడ్ పందొమ్మిదో శతాబ్దంలో ఖామ్ ఖైదీల నోట విని వేల పుటలు రాసిపెట్టబట్టి ఆ మాటలైనా మనకు తెలుసు. ఆ నినాదం మీ నాణేల మీద ఉంది, పాస్‌పోర్టుల మీద ఉంది, మీరు నాకు జవాబు రాస్తే ఆ ఉత్తరం తల మీద కూడా ఉంటుంది. ఖామ్‌కు అదే ఊయ్ శాఖలోని తోబుట్టువు నూ. చనిపోయిన అక్క మాటను తల మీద పెట్టుకున్న దేశం, బతికున్న చెల్లెలి బడికి తలుపు పెట్టించలేకపోవడం మీకూ ఇబ్బందిగానే ఉంటుందని నమ్ముతున్నాను.

'ఆఖరి మాటకారి' అన్న మాటను మాత్రం మీ ప్రకటనల నుంచి తీసేయమని వేడుకుంటున్నాను. 2010 జనవరిలో మా అండమాన్‌లో బోవా సీనియర్ అనే అవ్వ చనిపోయినప్పుడు, బో భాష ఆఖరి మాటకారి వెళ్లిపోయారని లోకమంతా వార్త రాసింది. అంతకుముందు ఆమె ఒంటరిగా పక్షులతో మాట్లాడుకునేదని కూడా రాసింది. ఆ వార్త చదివి నేను కూడా 'ప్చ్' అనుకుని పేజీ తిప్పాను. ఆఖరి అన్న మాట పెట్టగానే చదివేవాడికి చేయడానికి ఏమీ మిగలదు. ఎల్సీ వాల్‌బోయ్ నోరు విప్పేదాకా నూ భాషకు కూడా పండితులు ఆ మాటే పెట్టేశారు కదా. ఇప్పుడు సగం వచ్చినవాళ్లున్నారు, పాతిక మాటలు వచ్చిన పిల్లలున్నారు, పలకడం వచ్చిన మనవరాలున్నారు. వాళ్లను లెక్కలోకి తీసుకునే మాట ఏదైనా వాడండి.

కత్రీనా అవ్వ 1933లో పుట్టారని పైన రాశాను. ఈ ఉత్తరం మీ బల్ల మీదికి చేరే రోజున ఆమె వయసెంతో మీరే లెక్కకట్టుకుని, మీ ఫైలు ఒక బల్ల నుంచి ఇంకో బల్లకు వెళ్లడానికి ఎన్ని నెలలు పట్టవచ్చో నిర్ణయించండి.

మా భాష పేరులో అచ్చుతప్పు సంగతి తర్వాత చెబుతానన్నాను. ఒక అక్షరం మార్చడానికి రాజ్యాంగ సవరణ కావాలేమో నాకు తెలియదు. దాన్ని ఎప్పుడైనా, తీరిక చిక్కినప్పుడు, మా మనవల కాలంలోనైనా దిద్దుకోవచ్చు. మేము కోట్ల మందిమి ఉన్నాం, మాకు తొందర లేదు. ముందు రోజ్‌డేల్ పని చూడండి.

ఇట్లు,
పాలకొండ నుంచి ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు